ఒక కొస పసుపు, ఒక కొస ఎరుపు: మా గ్యాస్ కొలిమి డైరీ

నవంబరు 16

ఇవాళ మూడో కొడవలి విరిగింది. పదును పెట్టిన (కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచిన) ప్రతి కొడవలినీ కర్ర మొద్దు మీద ఒక దెబ్బ వేసి చూడటం మా బాపు అలవాటు. ఆ ఒక్క దెబ్బకే వంపు తిరిగే చోట టక్కుమని రెండయింది.

విరిగిన ముక్కల్ని బాపు ఎండలోకి తీసుకెళ్ళి నాకు చూపించాడు. కొస వైపు ముక్కలో విరుగు ముఖం చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. పిడి వైపు ముక్కను కూడా పగలగొట్టి చూశాం. అక్కడ సన్నగా, బూడిదరంగు పట్టుగుడ్డలా ఉంది. "ఒక్కటే ఇనుము, రెండు తీర్ల ఎట్లుంటది? నీ కొలిమి ఒక దిక్కు కాలుస్తుంది, ఒక దిక్కు మాడగొడ్తుంది" అన్నాడు. మాట పరుషమే గానీ నిజం. ఉక్కు మరీ ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంటే లోపలి రేణువులు పెరుగుతాయి. పెరిగిన రేణువుల ఉక్కు దెబ్బకు ఆగదు.

ఈ కొలిమి ఎందుకు కట్టానో రాసి పెట్టుకుంటే మంచిది. మా వాడకట్టులో ఇళ్ళు పెరిగాయి, బొగ్గు పొగకు ఇరుగు పొరుగు ఇబ్బంది పడుతున్నారు. మంచి బొగ్గు దొరకడమూ కష్టమైంది. బాపుకు దగ్గు ఉంది, తిత్తి దగ్గర గంటలు గంటలు కూర్చోవడం ఇక వద్దనిపించింది. ఆర్మూరు చుట్టుపక్కల పసుపు తవ్వకం జనవరిలో మొదలవుతుంది, ముందుగా ఆకు కోయాలి. అప్పటికి ఇరవై నాలుగు కొడవళ్ళు ఇస్తానని బాపు మాట ఇచ్చాడు. ఆయన మాట నిలబడాలంటే నా కొలిమి సరిగ్గా మండాలి. అదీ అసలు టెన్షన్.

కొలిమి వివరాలు: పాత ఇనుప సామాన్ల కొట్లో తెచ్చిన పది అంగుళాల ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు) పైపు, 40 సెంటీమీటర్ల పొడవు. లోపల 25 మి.మీ. సిరామిక్ ఫైబర్ దుప్పటి (వేడిని బయటికి పోనివ్వని దూది లాంటి పొర) రెండు పొరలు. కాబట్టి లోపలి వ్యాసం 15 సెంటీమీటర్లు. కింద అల్యూమినా ఇటుక పలక. పైనుంచి నిట్టనిలువుగా దిగే రెండు అరంగుళం బర్నర్లు, గాలిని వాటంతట అవే పీల్చుకునే రకం, బ్లోయర్ లేదు. జెట్‌గా (గ్యాసు చిమ్మే సన్న బెజ్జంగా) 0.6 మి.మీ. వైరుకు వాడే మిగ్ వెల్డింగ్ టిప్పులు. బర్నర్లకు నల్ల పైపే వాడాను. జీఐ (జింకు పూత పూసిన) పైపు వాడితే వేడికి జింకు పూత పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గ్యాసు 19 కిలోల కమర్షియల్ సిలిండరుది, హై ప్రెజర్ రెగ్యులేటరుతో. ఇంట్లో వంట రెగ్యులేటరు ఇచ్చే ఒత్తిడి దాదాపు 30 మిల్లీబార్లే, దానితో ఈ బర్నర్లు గాలి లాగవు. ఇంటి సిలిండరును ఇలాంటి పనికి వాడటం నిబంధనలకు కూడా విరుద్ధం.

నవంబరు 17

రాత్రి పని నుంచి వచ్చాక ఒక్కసారి వెలిగించి చీకట్లో చూశాను. వెనక కొస పసుపు, మధ్యలో నారింజ, నోటి దగ్గర ముదురు ఎరుపు. కంటికే ఇంత తేడా.

నవంబరు 23

కంటిని నమ్ముకుని మార్పులు చేస్తే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలియదు. అందుకే ముందు కొలత. కె-టైప్ థర్మోకపుల్ (వేడిని కొలిచే కడ్డీ లాంటి ప్రోబు) ఒకటి, డిజిటల్ ఇండికేటరు ఒకటి తెచ్చాను. వెనక గోడలో పొడవు కడ్డీలు దూర్చడానికి వదిలిన చిన్న రంధ్రం ఉంది, మామూలుగా దాన్ని దుప్పటి ముక్కతో మూస్తాను. ప్రోబును అందులోంచి పంపి, నోటి నుంచి 5, 20, 35 సెంటీమీటర్ల దగ్గర ఆపి చూస్తున్నాను. మూడు చోట్లా ఒకటే ప్రోబు కాబట్టి అది కాస్త తప్పు చూపించినా తేడా మాత్రం నిజమే.

నియమం పెట్టుకున్నాను: ప్రతిసారీ 0.5 బార్ ఒత్తిడి, వెలిగించాక సరిగ్గా పదిహేను నిమిషాలు, లోపల ఇనుము ఏదీ ఉండదు.

ముందు 840. మధ్య 1010. వెనక 1080.

ముందుకీ వెనక్కీ 240 డిగ్రీల తేడా. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, కొడవలికి పదును పెట్టే వేడి దానికి కొంచెం పైన. ముందు భాగం దాదాపు అక్కడే ఉంది. అదే సమయంలో వెనక కొస దాన్ని దాటి మూడు వందల డిగ్రీలు ఎక్కింది. విరిగిన ముక్కలో చక్కెర పలుకులు ఎక్కడివో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ప్రోబు పెట్టకముందు బాపును నోటి దగ్గర నిలబెట్టి అడిగాను, ఎక్కడ ఎంత ఉందని. ఆయనకు డిగ్రీలతో పని లేదు. "ముందట పదునుకు సరిపోతది. నడుమ సాగగొట్టనీకె సరిపోతది. వెనుక అతుకు వేడికి దగ్గరికి పోతుంది" అన్నాడు. అతుకు వేడి అంటే రెండు ఇనుప ముక్కలు కొడితే ఒకటైపోయేంత వేడి. మీటరు చెప్పిందీ ఇంచుమించు అదే. యాభై ఏళ్ళు మంటను చూసిన కళ్ళు అవి. నాకు గర్వంగా అనిపించింది, ఆయనకే చెప్పాను కూడా.

నవంబరు 30

అందరూ ముందు అనుమానించేది గ్యాసు పంపిణీని. సిలిండరు నుంచి వచ్చే గొట్టం మొదట వెనక బర్నరుకు తగిలి, తర్వాత ముందు బర్నరుకు పోతుంది కాబట్టి రెండోదానికి తక్కువ అందుతోందని మా ఫిట్టరు మిత్రుడు గట్టిగా వాదించాడు. నాకు ఒప్పుదల కాలేదు. 8 మి.మీ. గొట్టంలోంచి వచ్చిన గ్యాసు చివరికి సూది బెజ్జమంత జెట్ గుండా పోవాలి. అడ్డంకి అంతా ఆ జెట్ దగ్గరే, గొట్టంలో కాదు. అయినా వాదన ఎందుకని రెండు బర్నర్ల మొదట్లోనూ గేజి పెట్టి చూశాం. ముల్లు రెండు చోట్లా ఒకే దగ్గర ఆగింది. గొట్టం మీద అనుమానం పోయింది.

ఇక అసలు పరీక్ష. ముందు బర్నరును వెనక రంధ్రంలో, వెనక బర్నరును ముందు రంధ్రంలో పెట్టాను. తప్పు బర్నరుదైతే వేడి బర్నరుతో పాటు కదలాలి. తప్పు చోటుదైతే అక్కడే ఉండిపోవాలి.

ముందు 880. వెనక 1050. తేడా 170.

కొంత కదిలింది, చాలావరకు కదల్లేదు. అంటే రెండు తప్పులూ ఉన్నాయి. లెక్క చాలా తేలిక: మామూలుగా ఉన్నప్పుడు రెండు తప్పులూ కలిసి 240, తారుమారు చేసినప్పుడు ఒకదాని నుంచి ఒకటి పోగా 170. రెండూ కూడి సగం చేస్తే 205, అది చోటు వల్ల వచ్చే తేడా. మిగిలిన 35 బర్నరుది. నేను రెండు వారాలుగా బర్నర్లనే విప్పుతూ బిగిస్తూ ఉన్నాను. నిజానికి పెద్ద దొంగ వేరే చోట ఉన్నాడు. గ్యాస్ కొలిమి సమంగా కాగడం లేదనేవాళ్ళు ఎవరైనా సరే, ఏదీ కొనకముందు బర్నర్లు తారుమారు చేసి చూడండి. పావుగంట పని, ఖర్చు లేదు.

డిసెంబరు 1

చిన్న దొంగను ఇవాళే పట్టుకున్నాను. రెండు బర్నర్లనూ విప్పి, జెట్ వెనక ఇంజక్షన్ సిరంజి బిగించి నీళ్ళు నొక్కాను. మంచి బర్నరులో నీటి దార పైపు మధ్యలోంచి దారం లాగినట్టు నేరుగా బయటికి వచ్చింది. రెండోదానిలో దార సగం దూరంలోనే పైపు గోడకు తగిలి చిట్లింది. గ్యాసు కూడా అలాగే గోడను రాసుకుంటూ పోతుంటే చుట్టూ ఉన్న గాలిని సమంగా లాగలేదు.

జెట్ పట్టుకునే ఇత్తడి ముక్కకు మర వేసేటప్పుడు వంకర పోయింది, నా చేతి పనే. లేత్ మీద కొత్తది చేయించి మార్చాను. దార నేరుగా వచ్చింది. ఇప్పుడు బర్నర్లు తారుమారు చేసినా రీడింగులు మారడం లేదు. తేడా 205, మొన్నటి లెక్క చెప్పినంతే.

డిసెంబరు 7

ఈ రోజు గురించి కాస్త వివరంగా రాయాలి.

పదిహేను నిమిషాల వరకు ఆగకుండా ప్రతి రెండు నిమిషాలకూ రీడింగు తీశాను. ఐదో నిమిషంలో ముందుకీ వెనక్కీ తేడా 90 మాత్రమే. ఆ తర్వాత వెనక భాగం ఎక్కుతూ పోయింది, ముందు భాగం 800 దాటాక నత్తనడక. సరిగ్గా అప్పుడే ముందు బర్నరు శబ్దం మారింది. మొదట్లో గట్టిగా గర్జించేది కాస్తా మెత్తబడి బుసలా అయింది. లోపల మంట పొడవై, నోట్లోంచి నీలం, ఆకుపచ్చ కలిసిన నాలుక బయటికి వచ్చింది. వెనక బర్నరులో ఈ మార్పేమీ లేదు.

మంట పొడవై బయటికొచ్చి కాలుతోందంటే లోపల గాలి చాలడం లేదు. ఒక పాలు ప్రొపేను పూర్తిగా కాలడానికి దాదాపు 24 పాళ్ళ గాలి కావాలి, బ్యూటేనుకు దాదాపు 31 పాళ్ళు. మన ఎల్పీజీ ఈ రెండింటి మిశ్రమం. అంత గాలినీ ఆ సూది బెజ్జంలోంచి దూకే గ్యాసే తన వేగంతో లాక్కోవాలి. మరి ఐదు నిమిషాలు బాగా లాగిన బర్నరు తర్వాత ఎందుకు లాగదు?

బాపు వచ్చి "గాలి పెంచు" అన్నాడు. చోక్ (బర్నరులోకి పోయే గాలిని తగ్గించే, పెంచే మూత) పూర్తిగా తెరిచాను. వెనక బర్నరు గాలి ఎక్కువై చల్లబడింది, లోపల పెట్టిన ఇనుప పట్టీ మీద నల్ల పొలుసు మందంగా లేచింది. ముందు బర్నరులో పెద్ద తేడా లేదు. బొగ్గు కొలిమిలో గాలి పెంచితే వేడి పెరుగుతుంది, ఎందుకంటే బొగ్గు ఎప్పుడూ మిగులు ఉంటుంది. ఇక్కడ గ్యాసుకు తగినంత గాలి దాటితే మిగతాది చల్లార్చడానికే పనికొస్తుంది, ఇనుమును తింటుంది. బాపుకు ఇది వివరిస్తే రెండు నిమిషాలు ఆలోచించి తలూపాడు.

సాయంత్రం దీపం పెట్టే వేళకు అమ్మ వెలిగించిన అగరుబత్తి చూడగానే తట్టింది. ఒకటి తెచ్చి ముందు బర్నరు గాలి రంధ్రం దగ్గర పట్టుకున్నాను. చల్లగా ఉన్నప్పుడు పొగ చక్కగా లోపలికి వంగింది. కొలిమి కాగాక అదే చోట పట్టుకుంటే పొగ కిందినుంచి తన్నుకొచ్చి పైకి పోయింది, ఆ తర్వాత గిరికీ కొట్టి రంధ్రంలోకి దూరింది. చెయ్యి అడ్డం పెట్టాను, కాలింది. నోట్లోంచి బయటపడిన వేడి వాయువు నిట్టనిలువుగా లేచి, సరిగ్గా దాని పైనే ఉన్న ముందు బర్నరు గాలి రంధ్రంలోకి పోతోంది. బర్నరు గాలి అనుకుని తన ఉచ్ఛ్వాసంలోకి తీసుకుంటున్నది అప్పటికే కాలిపోయిన గాలిని. అందులో ఆక్సిజన్ దాదాపు లేదు, పైగా వేడిగా, పలచగా ఉంది.

తగరపు రేకు ఒకటి కత్తిరించి, నోటికి పైన ఏటవాలుగా కట్టుతీగతో కట్టాను, వేడి పక్కకు తోసుకుపోయేలా. రెండు నిమిషాలు. రెండే నిమిషాల్లో ముందు బర్నరు గర్జన తిరిగి వచ్చింది. అమ్మ వంటింట్లోంచి "ఏమైందిరా" అని అడిగింది, శబ్దం అంత మారింది.

రేకుతో: ముందు 950, వెనక 1070. తేడా 120.

డిసెంబరు 13

రేకు తీసి గట్టి ఎం.ఎస్. షీటు వెల్డింగ్ చేశాను. మిగిలిన 120 మీద కూర్చున్నాను.

బాపు బొగ్గు కొలిమిలో పట్టీ పెట్టినప్పుడు దాని పైన మళ్ళీ నిప్పులు ఎగదోసి కప్పుతాడు. ఎన్నోసార్లు చూశాను, ఎందుకో ఎప్పుడూ అడగలేదు. ఇవాళ అడిగితే "కప్పకపోతే పైకెల్లి సల్లారదా?" అన్నాడు. నా కొలిమికి ముందు వైపు కప్పు ఏది? పదిహేను సెంటీమీటర్ల నోరు పూర్తిగా తెరిచి ఉంది.

కాగితం మీద లెక్క వేశాను. 1100 డిగ్రీల గది నోరు తెరుచుకుని ఉంటే చదరపు మీటరుకు దాదాపు 200 కిలోవాట్ల వేడి కాంతిగా బయటికి పోతుంది. నా నోటి వైశాల్యానికి అది మూడున్నర కిలోవాట్లు. రోజూ స్నానానికి వాడే రెండు కిలోవాట్ల గీజర్లు దాదాపు రెండు. కాంటా మీద సిలిండరు తూచి చూస్తే నేను గంటకు 1.1 కిలోల గ్యాసు కాలుస్తున్నాను, అంటే సుమారు 14 కిలోవాట్లు. అందులో నాలుగో వంతు నోట్లోంచి కాంతిగా బయటికి పోతోంది. అది ఎక్కువగా నోటి దగ్గరి భాగాన్నే చల్లబరుస్తుంది.

తేలికరకం ఇన్సులేషన్ ఇటుకలు రెండు తెచ్చి హ్యాక్సా బ్లేడుతో కోశాను. ఈ ఇటుకలు రొట్టె కోసినట్టు కోసుకుపోతాయి. నోటికి అడ్డంగా పెట్టి మొదట 8 × 4 సెంటీమీటర్ల సందు వదిలాను. బర్నర్లు దగ్గాయి. లోపల ఒత్తిడి పెరిగి, మంట పైపులోకి వెనక్కి వచ్చి టప్ మని పేలింది. వెంటనే సిలిండరు దగ్గర మూసేశాను. బ్లోయర్ లేని బర్నరు ఎదురు ఒత్తిడిని అసలు తట్టుకోదు, ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. సందును 12 × 5 చేశాను. గర్జన నిలకడగా వచ్చింది. ఈ సందులోంచి పోయే వేడి లెక్కకు 1.2 కిలోవాట్లు. కొడవలి వంపు కూడా ఇందులోంచి పడుతుంది.

ముందు 1005, వెనక 1080. తేడా 75.

డిసెంబరు 14

పై పెంకును ఇన్ఫ్రారెడ్ మీటరుతో చూశాను. వెనక 140, ముందు అంచు దగ్గర 240. రంగు కూడా అక్కడ బొబ్బలెక్కింది. లోపల చూస్తే నోటి చుట్టూ దుప్పటి కుంగిపోయి, పై పొరకూ కింది పొరకూ మధ్య వేలు పట్టేంత సందు. పట్టీలు తోస్తూ తీస్తూ నేనే దాన్ని చింపాను. అతుకుల కోసం చల్లిన వెలిగారం పడ్డ చోట దుప్పటి తేనె పట్టులా కరిగి గుంటలు పడింది. వెలిగారం సిరామిక్ ఫైబర్‌ను తినేస్తుంది, బాపుకు చెప్పాలి.

ముందు ఉంగరం వరకు దుప్పటి తీసేసి కొత్తది పెట్టాను. కోసేటప్పుడు ఎన్95 మాస్కు, పొడవు చేతుల చొక్కా. ఇది దూదిలా కనిపిస్తుంది గానీ దాని నూగు ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, ఒకసారి బాగా కాగిన దుప్పటి ఇంకా ప్రమాదం. అందుకే దాన్ని బయటికి వదలకూడదు. కొల్లాయిడల్ సిలికా చిలకరించి గట్టిపరిచాను. దాని మీద హై అల్యూమినా కాస్టబుల్ (వేడికి ఆగే సిమెంటు లాంటి ముద్ద) పది మి.మీ. మందం మెత్తాను. ఒక రోజంతా తడిగుడ్డ కప్పి ఉంచాలి, ఆపైన నెమ్మదిగా వేడి చూపాలి. తొందరపడితే లోపలి తేమ ఆవిరై పెచ్చులు లేస్తాయి.

డిసెంబరు 16

కాస్టబుల్ ఆరుతోంది, కొలిమి ముట్టే పని లేదు. బాపును బండి మీద కోనసముద్రం తీసుకెళ్ళాను. నిజామాబాద్ జిల్లా, కమ్మర్‌పల్లి మండలం. ఒకప్పుడు ఇక్కడ మూసల్లో (లోహం కరిగించే మట్టి పాత్రల్లో) ఉక్కు చేసేవారు, దాని కోసం పర్షియా వర్తకులు ఇక్కడిదాకా వచ్చేవారు. హెన్రీ వాయ్సీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పని చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. బాపు ఎప్పుడో చిన్నప్పుడు వెళ్ళాడట.

చేను గట్టున చిట్టెం (లోహం కరిగించగా మిగిలే మడ్డి) ముక్కలు, మూసల పెంకులు ఇంకా కనిపిస్తాయి. బాపు ఒక పెంకు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. బయటి వైపు మట్టి కరిగి గాజులా మెరుస్తోంది. ఆ గాజు ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా ఉంది. "గీ దిక్కు గాలి తగిలింది" అని వేలితో చూపించాడు. పెంకును ఎక్కడ తీశాడో అక్కడే పెట్టేశాడు. దారిలో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. నాకు మాత్రం ఆ మందపు గాజు కళ్ళలోనే ఉంది: మంట ఎటు తగిలితే అటే.

డిసెంబరు 21

కాస్టబుల్ బాగా కుదిరింది. నిన్న చిన్న మంట మీద మూడు గంటలు ఆరబెట్టాను. ఇవాళ్టి రీడింగు: ముందు 1025, వెనక 1080. తేడా 55.

పొడవునా దాదాపు సమమైంది. కానీ పట్టీ పెట్టి చూస్తే ఇంకో లోపం బయటపడింది. బర్నర్లకు సరిగ్గా కింద ఉన్న రెండు చోట్ల పట్టీ మీద రూపాయి బిళ్ళంత పసుపు మచ్చలు. వాటి మధ్య నారింజ. మంట పైనుంచి నిట్టనిలువుగా పడి మొదట పట్టీనే కొడుతోంది. ఖాళీ గదిలో ప్రోబు ఈ తేడా ఎందుకు చూపలేదంటే, దాన్ని ఆపిన మూడు చోట్లూ మచ్చలకు పక్కన పడ్డాయి. నా కొలత పద్ధతిలో అదొక లోటు, ఇకనుంచి పట్టీ పెట్టి కూడా చూస్తాను.

కోనసముద్రం పెంకు గుర్తొచ్చింది. మంట ఇనుమును కాల్చకూడదు. మంట గోడను కాల్చాలి, గోడ ఇనుమును కాల్చాలి.

పాత రంధ్రాలు మూసేసి, గడియారంలో రెండు గంటలు చూపే చోట కొత్తవి కోశాను. బర్నర్లు ఇప్పుడు పక్కవాటంగా, పైకప్పు లోపలి వంపును రాసుకుంటూ దూరతాయి. మంట ఎదుటి గోడను తాకి, చుట్టూ తిరిగి, నేల మీదుగా వచ్చి పట్టీని చేరుతుంది. బర్నరు మూతి లైనింగులోంచి బయటికి పొడుచుకు రాకుండా ఒక వేలెడు లోపలే ఆపాను, లేకపోతే మూతి కాలిపోతుంది. రాత్రి పది దాటింది. వాడకట్టు నిద్రపోతుందని వెలిగించలేదు.

డిసెంబరు 22

పని నుంచి రాగానే వెలిగించాను. నోటి సందులోంచి చూస్తే మంట కనిపించడమే లేదు, గది మొత్తం ఒకటే రంగులో సుడి తిరుగుతోంది. పట్టీ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, గోడా అదీ ఒకే రంగు కాబట్టి. పసుపు మచ్చలు లేవు.

ముందు 1030, మధ్య 1065, వెనక 1065. తేడా 35.

డిసెంబరు 28

తెల్లవారుజామున చలి గట్టిగా ఉంది. నలభై నిమిషాలకు గది మొత్తం సమంగానే చల్లబడటం మొదలైంది. గేజి ముల్లు 0.5 నుంచి 0.3కు జారింది. సిలిండరు కింది సగం చెమట పట్టి, ఇంకాసేపటికి తెల్లటి మంచు పొర కట్టింది. ద్రవం గ్యాసుగా మారడానికి వేడి కావాలి, ఆ వేడిని సిలిండరు నుంచే లాక్కుంటుంది. నేను కాల్చే లెక్కకు అది వంద వాట్లకు కాస్త ఎక్కువ. సగం ఖాళీ అయిన సిలిండరుకు బయటి చలిగాలి అంత వేడి ఇవ్వలేదు. చల్లబడిన బ్యూటేను ఒత్తిడి బాగా పడిపోతుంది, దాని మరిగే ఉష్ణోగ్రతే సున్నాకు కొద్దిగా కింద.

బావి నీళ్ళు తొట్టిలో పోసి సిలిండరును అందులో నిలబెట్టాను, వాల్వు నీళ్ళకు చాలా పైన ఉండేలా. మామూలు నీళ్ళే. సిలిండరును మంటతో గానీ మరిగే నీళ్ళతో గానీ వేడి చేయాలన్న ఆలోచన కూడా రాకూడదు. ముల్లు పది నిమిషాల్లో తిరిగి 0.5కు వచ్చింది.

జనవరి 4

నిన్నా ఇవాళా కలిపి పదిహేడు కొడవళ్ళు. లారీ కమాను పట్టీ నుంచి కోసిన ముక్కలు, సాగగొట్టడం, వంచడం, కక్కు కొట్టడం (అంచుకు పళ్ళు తీయడం), పదును. సమ్మెట నాది, సుత్తె బాపుది. షెడ్డు మూడు వైపులా తెరిచే ఉంచాం, కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు కాబట్టి దాన్ని ముక్కుతో పట్టుకోలేం.

ఇప్పుడు 0.4 బార్ చాలుతోంది. కాంటా ప్రకారం గంటకు 0.95 కిలోలు. మొదట్లో 1.1 కాల్చినా కొడవలి సగమే కాగేది.

పదునుకు ముందు ఒక్కో కొడవలినీ అయస్కాంతం కట్టిన తీగతో తాకి చూశాను. కొస దగ్గర అంటడం ఆగిన క్షణానికే పిడి దగ్గరా ఆగుతోంది. బాపు మొద్దు మీద పదిహేడింటికీ దెబ్బ వేశాడు. అన్నీ మోగాయి. ఒక మిగులు ముక్కను కావాలని పగలగొట్టి ఎండలో చూపించాడు: ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకటే బూడిదరంగు, చక్కెర పలుకు ఒక్కటీ లేదు. ఆ ముక్కను నా చేతిలో పెట్టి "దీన్ని పారెయ్యకు" అన్నాడు. పాత ముక్కలు రెండూ గూట్లో ఉన్నాయి, దీన్నీ వాటి పక్కన పెట్టాను.

ఇంకా మిగిలింది: ఎడమ వెనక మూలలో నేల ఇటుక కొంచెం ముదురు ఎరుపు చూపిస్తోంది, సుడి అక్కడికి సరిగ్గా చేరడం లేదనిపిస్తుంది. మూలను కాస్టబుల్‌తో గుండ్రంగా నింపి చూడాలి. దానికి మళ్ళీ రెండు రోజులు ఆరబెట్టాలి. ఏడు కొడవళ్ళు బాకీ ఉన్నాయి, అవి అయ్యాకే.